ఫుట్‌సాల్‌లో షాట్ గురి కుదరాలంటే ఎలాంటి డ్రిల్‌లు చేయించాలి?

ప్రశ్న: యువజట్టు_శిక్షకుడు

అందరికీ నమస్కారం. నేను 14 నుంచి 17 ఏళ్ల వయసున్న 12 మంది ఆటగాళ్లకు ఫుట్‌సాల్ (చిన్న కోర్టులో జట్టుకు ఐదుగురు ఆడే ఫుట్‌బాల్) నేర్పుతున్నాను. వారానికి రెండు సార్లు, ఒక్కోసారి గంటన్నర చొప్పున కోర్టు దొరుకుతుంది. పాసింగ్‌లోనూ, బంతిని అట్టిపెట్టుకోవడంలోనూ పిల్లలు బాగా ఎదిగారు. దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ ప్రత్యర్థి కంటే మా జట్టే ఎక్కువ షాట్లు కొడుతోంది. అయినా గోల్స్ మాత్రం రావడం లేదు.

ప్రస్తుతం షూటింగ్ సాధన ఇలా జరుగుతోంది. పిల్లలు పెనాల్టీ ఏరియా బయట వరుసగా నిలబడతారు, నేను పక్క నుంచి బంతిని అందిస్తాను, ఒకరి తర్వాత ఒకరు వచ్చి గోల్‌లోకి కొడతారు. గోల్ నాలుగు మూలల్లో బిబ్‌లు (జట్లను గుర్తించడానికి వేసుకునే రంగు బనియన్లు) కట్టి, వాటికి తగిలితే పాయింట్లు ఇస్తున్నాను. ఈ సాధనలో ఐదారుగురు చాలా చక్కగా మూలలకు కొడతారు. అదే పిల్లలు మ్యాచ్‌లో కీపర్ ఒంటి మీదికి కొట్టడమో, పోస్ట్ పక్కగా బయటికి పంపడమో చేస్తున్నారు.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందో అనుభవజ్ఞులు వివరించగలరా? కదలని గురి పెట్టి కొట్టించే సాధన వల్ల నిజంగా ఉపయోగం ఉందా, లేక దాన్ని పూర్తిగా మానేయాలా? షాట్ బలం తగ్గించి గురి మీద దృష్టి పెట్టమని చెప్పడం సరైనదేనా? పిల్లలు మెరుగవుతున్నారో లేదో ఎలా కొలవాలి?

సమాధానం 1: పాత_ఫిక్సో

మీరు చెప్పిన తేడా చాలా జట్లలో కనిపించేదే. డ్రిల్‌లు మార్చే ముందు ఒక పని చేయమని కోరుతున్నాను. రాబోయే రెండు మూడు మ్యాచ్‌లలో ఒకరిని బెంచీ మీద కూర్చోబెట్టి, మీ జట్టు కొట్టే ప్రతి షాట్‌ను ఐదు గడుల్లో ఏదో ఒకదాంట్లో రాయించండి. గోల్ అయినది, కీపర్ కదలకుండానే ఆపినది, కీపర్ కష్టపడి ఆపినది, డిఫెండర్‌కు తగిలి ఆగినది, గోల్ బయటికి పోయినది అన్నవే ఆ గడులు. షాట్ కొట్టే ముందు ఆటగాడు బంతిని ఎన్ని సార్లు తాకాడో కూడా పక్కనే రాయిస్తే ఇంకా మంచిది.

ఇలా ఎందుకు చెబుతున్నానంటే, మనం వీటన్నిటినీ కలిపి గురి లేకపోవడం అంటాం గానీ వీటి కారణాలు వేరువేరు. బయటికి పోయే షాట్లు ఎక్కువగా ఉంటే లోపం పాదం బంతిని తాకే తీరులోనో, శరీరం నిలకడలోనో ఉంటుంది. కీపర్ కదలకుండానే ఆపేవి ఎక్కువైతే ఆటగాడు తల ఎత్తి చూడకుండా కొడుతున్నాడన్న మాట. డిఫెండర్‌కు తగిలేవి ఎక్కువైతే లోపం షాట్‌లో కాదు, దానికి ముందున్న ఫస్ట్ టచ్‌లో, అంటే వచ్చిన బంతిని మొదట తాకి అదుపు చేసుకునే తీరులో ఉంటుంది. ఎందుకంటే బంతిని పాదాల కిందికే ఆపుకున్నవాడు దాన్ని మళ్లీ జరుపుకొని కొట్టేసరికి డిఫెండర్ దారిలోకి వచ్చేస్తాడు. ఈ మూడో రకానికి మూలల్లో బిబ్‌లు కట్టి ఎంత సాధన చేయించినా ఫలితం ఉండదు.

ఇక ప్రాక్టీసుకూ మ్యాచ్‌కూ తేడా ఎందుకు వస్తుందంటే, మీ వరుస పద్ధతిలో ఆటగాడికి ముందే అన్నీ తెలిసిపోతాయి. బంతి ఎటు నుంచి వస్తుందో, ఎప్పుడు కొట్టాలో, ఎక్కడికి కొట్టాలో అతను వరుసలో నిలబడి ఉన్నప్పుడే నిర్ణయించుకుంటాడు. మ్యాచ్‌లో ఈ మూడింటినీ ఒక సెకను కూడా లేని వ్యవధిలో తేల్చుకోవాలి. ఆ తేల్చుకునే పని సాధనలో ఎన్నడూ చేయని పిల్లవాడు మ్యాచ్‌లో మాత్రం ఎలా చేయగలడు? 1979లో షే, మోర్గాన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగం శిక్షణ రంగంలో చాలా ప్రసిద్ధం. ఒకే కదలికను వరుసగా పదే పదే చేసినవాళ్లు సాధన సమయంలో మెరుగ్గా కనిపించారు గానీ, కదలికలను కలగలిపి సాధన చేసినవాళ్లే తర్వాతి పరీక్షలో ఎక్కువ నిలబెట్టుకున్నారు. అది చిన్న ప్రయోగశాలలో జరిగిన పని కాబట్టి యథాతథంగా కోర్టుకు అన్వయించలేం. అయినా మీ జట్టులో కనిపిస్తున్న తేడా దాదాపు అదే పోలికలో ఉంది.

కాబట్టి నేను మొదట సూచించే డ్రిల్ పివట్‌ను, అంటే జట్టులో అందరికంటే ముందు ప్రత్యర్థి గోల్‌కు దగ్గరగా ఆడే ఆటగాడిని, వాడుకునేది. పివట్‌ను గోల్‌కు వీపు పెట్టి సుమారు 8 మీటర్ల దూరంలో నిలబెట్టండి. 13, 14 మీటర్ల దూరంలో ఉన్న ఆటగాడు అతనికి నేల మీదుగా గట్టి పాస్ ఇచ్చి ముందుకు పరుగెత్తాలి. పివట్ అరికాలితో బంతిని ఆపి, దాన్ని పక్కకు దొర్లించాలి. వచ్చిన ఆటగాడు ఆపకుండా ఒకే టచ్‌లో కొట్టాలి. ఇంతవరకు అందరూ చేయించేదే. దీనికి రెండు మార్పులు చేయండి. మొదటిది, పాస్ ఇచ్చిన ఆటగాడికి రెండు అడుగుల వెనుక ఒక డిఫెండర్‌ను నిలబెట్టి, బంతి పాదం వదిలిన క్షణంలో అతన్ని కూడా పరుగెత్తనివ్వండి. రెండోది, పివట్ బంతిని ఏ పక్కకు వదులుతాడో ముందుగా చెప్పకూడదు. డిఫెండర్ తొందరపడి ఒక పక్కను మూసేస్తే పివట్ బంతిని వదలకుండా తానే తిరిగి కొట్టే స్వేచ్ఛ కూడా ఉండాలి. ఈ మూడు దారులు తెరిచిన వెంటనే షాట్ కొట్టేవాడి కళ్లు వాటంతట అవే పైకి లేస్తాయి. మొదటి వారం గురి దారుణంగా పడిపోతుంది. అప్పుడు భయపడి పాత పద్ధతికి వెళ్లవద్దు.

రెండోది, రెండో పోస్ట్ డ్రిల్. రెండో పోస్ట్ అంటే షాట్ కొట్టేవాడికి దూరంగా ఉండే గోల్ స్తంభం. ఫుట్‌సాల్‌లో గోల్ వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు మాత్రమే. సరిగ్గా ఎదురుగా, 6 మీటర్ల గుర్తు దగ్గర నిలబడితే రెండు పోస్టుల మధ్య దాదాపు 28 డిగ్రీల కోణం దొరుకుతుంది. గోల్ లైన్ నుంచి అంతే దూరంలో ఉండి, మధ్య నుంచి పక్కకు 6 మీటర్లు జరిగితే అది 15 డిగ్రీల లోపుకు పడిపోతుంది. అందులోనూ దగ్గరి పోస్ట్‌ను కీపర్ తన ఒంటితో మూసేస్తాడు. అందువల్ల పక్క నుంచి కొట్టే షాట్‌ను దూరపు పోస్ట్ వైపు, నేలకు తక్కువ ఎత్తులో, అడ్డంగా కొట్టడం నేర్పాలి. అదే సమయంలో మరో ఆటగాడు ఎదురు పక్క నుంచి ఆ పోస్ట్ దగ్గరికి చేరుకోవాలి. షాట్ సూటిగా ఉంటే గోల్ అవుతుంది, కొంచెం బయటికి పోతే పాస్ అవుతుంది, కీపర్ కాలికి తగిలితే ఆ బంతి కూడా చాలాసార్లు అక్కడికే వస్తుంది. ఇక్కడ నేను పట్టుబట్టేది ఒక్కటే. రెండో పోస్ట్ దగ్గరికి వెళ్లేవాడు ముందుగా వెళ్లి అక్కడ నిలబడకూడదు, బంతితో పాటే రావాలి. ముందే నిలబడినవాడిని డిఫెండర్ సులువుగా పట్టుకుంటాడు. పైగా నిలబడి ఉన్న కాలితో వేగంగా వచ్చే బంతిని మళ్లించడం చాలా కష్టం.

ఈ డ్రిల్‌లో నేరుగా పడిన గోల్‌కు ఒక పాయింటు, రెండో పోస్ట్ దగ్గర ముగిసిన గోల్‌కు రెండు పాయింట్లు ఇవ్వండి. దగ్గరి పోస్ట్ బయటికి పోయిన షాట్‌కు ఒక పాయింటు తీసేయండి. ఏ పక్కకు తప్పినా ఒకటే కాదన్న విషయం పిల్లలకు మాటల కంటే ఈ లెక్క వల్లే త్వరగా అర్థమవుతుంది.

సమాధానం 2: గోల్‌కీపర్_కళ్లతో

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను. నేను చాలా కాలంగా గోల్ కాస్తున్నవాడిని కాబట్టి అటువైపు నుంచి కొన్ని మాటలు చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే షాట్ కొట్టేవాళ్లకు నేర్పేటప్పుడు కీపర్ ఏం చేస్తాడో చాలామంది చెప్పరు.

ఫుట్‌బాల్‌లో లాగా ఫుట్‌సాల్ కీపర్ గాలిలోకి దూకి మూలలను కాపాడడు. దగ్గరి షాట్‌కు అంత సమయమే ఉండదు. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి 10 మీటర్లను అర సెకనులో, 6 మీటర్లను 0.3 సెకనులో దాటేస్తుంది. మనిషి కంటితో చూసి కదలడం మొదలుపెట్టడానికే దాదాపు 0.2 సెకను పడుతుంది. అందుకే మేము బంతి వైపు ముందుకు వచ్చి, ఒక మోకాలిని నేలకు దించి, రెండో కాలిని పక్కకు చాచి, చేతులను విప్పి వీలైనంత చోటును ఒంటితోనే మూసేస్తాం. అలా ఒంటిని పరిచిన కీపర్ దగ్గర ఖాళీలు ఎక్కడ మిగులుతాయో మీ పిల్లలకు కోర్టు మీద చూపించండి. చాచిన పాదానికి ఆవల, చంకల కింద, రెండు భుజాల పైన, మోకాలు ఇంకా నేలకు ఆననప్పుడు కాళ్ల మధ్య చోటు దొరుకుతుంది. మూలల్లో కట్టిన బిబ్‌లు ఈ ఖాళీలను చూపించవు. పై మూలకు కొట్టడం అందంగా ఉంటుంది గానీ, 6 మీటర్ల లోపు నుంచి భుజం పక్కగా వెళ్లే షాట్‌కు అంత కచ్చితత్వం కూడా అవసరం లేదు, కీపర్‌కు అది చాలా ఇబ్బందికరంగా ఉంటుంది.

నన్ను బాగా ఇబ్బంది పెట్టే ఆటగాళ్లు బలంగా కొట్టేవాళ్లు కారు. నేను పాదం మారుస్తున్న క్షణంలో కొట్టేవాళ్లు. కీపర్ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుగుతున్నప్పుడు అతని బరువు ఒక కాలి మీద ఉంటుంది. ఆ కాలి పక్కగా వెళ్లే బంతిని ఎంత నెమ్మదిగా ఉన్నా ఆపడం కష్టం. దీన్ని సాధన చేయించడానికి ఒక మంచి మార్గం ఉంది. కోర్టు మధ్యలో షాట్ కొట్టేవాడిని నిలబెట్టి, ఎడమ వైపు ఒకరిని, కుడి వైపు ఒకరిని బంతులతో ఉంచండి. వాళ్లలో ఎవరైనా పాస్ ఇవ్వవచ్చు. పాస్ కదిలినప్పుడే కీపర్ కూడా తనకు నచ్చిన పక్కకు రెండు అడుగులు వేయాలి. షాట్ కొట్టేవాడు కీపర్ వదిలేసిన పక్కకే కొట్టాలి. బంతి లోపలికి వెళ్లినా తప్పు పక్కకు కొడితే పాయింటు ఇవ్వకూడదు. మొదట్లో పిల్లలు బంతిని చూస్తూ కీపర్‌ను మరచిపోతారు. పాస్ ప్రయాణంలో ఉండగానే ఒక్కసారి కీపర్ వైపు చూసి, మళ్లీ బంతి మీదికి చూపు తెచ్చుకోవడం అలవాటయ్యాక అసలు మార్పు మొదలవుతుంది.

10 మీటర్ల ఫ్రీ కిక్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఒక అర్ధభాగంలో ఆరో ఫౌల్ నుంచి గోడ (బంతికి అడ్డంగా వరుసగా నిలబడే డిఫెండర్లు) లేకుండా ఈ కిక్ దొరుకుతుంది కాబట్టి మ్యాచ్‌లు దీనితోనే తేలిపోవడం తరచుగా జరుగుతుంది. చాలా జట్లు దీన్ని కీపర్‌ను గోల్ లైన్ మీద నిలబెట్టి సాధన చేస్తాయి. నిబంధనల ప్రకారం కీపర్ బంతికి 5 మీటర్ల దూరం వరకు ముందుకు రావచ్చు. అలా వస్తే అతను నిలబడిన చోట మూయాల్సిన చోటు గోల్‌లో సగం వెడల్పుకు, సగం ఎత్తుకు, అంటే ఒకటిన్నర మీటర్ల వెడల్పుకు, ఒక మీటరు ఎత్తుకు కుదించుకుపోతుంది. దానికి బదులుగా అతను స్పందించే సమయాన్ని కోల్పోతాడు. అందువల్ల ముందుకొచ్చే కీపర్ మీద వేగం పనికొస్తుంది, లైన్ దగ్గర ఉండిపోయే కీపర్ మీద మూలల గురి పనికొస్తుంది. పిల్లలు రెండింటినీ సాధన చేయాలి.

సమాధానం 3: మీగాలు

పైన ఇద్దరూ చెప్పినవి విలువైనవే. అయినా ఒక విషయంలో నేను విభేదిస్తున్నాను. ఫుట్‌బాల్ నుంచి వచ్చిన పిల్లలకూ, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకూ బంతిని తాకే తీరే ఇంకా స్థిరపడి ఉండదు. వాళ్లను మొదటి రోజు నుంచే డిఫెండర్ల మధ్య వదిలేస్తే తొందరలో తప్పు కదలికే గట్టిపడుతుంది. అలాంటి వాళ్లకు ఎవరి ఒత్తిడీ లేకుండా కొట్టే సాధన కొంతకాలం అవసరం. మీరు రాయించే గడుల్లో బయటికి పోయినవి ఎక్కువగా ఉన్న పిల్లలను విడిగా గుర్తించి, వారికి మాత్రమే ప్రతి సెషన్‌లో పది నిమిషాలు ఈ పని కేటాయించండి. జట్టు మొత్తానికి అక్కర్లేదు.

బంతి సంగతి ముందుగా అర్థం కావాలి. ఫుట్‌సాల్ బంతి చుట్టుకొలత 62 నుంచి 64 సెంటీమీటర్లు, బరువు 400 నుంచి 440 గ్రాములు. పెద్ద ఫుట్‌బాల్ బంతి 68 నుంచి 70 సెంటీమీటర్లు ఉన్నా దాని బరువు 410 నుంచి 450 గ్రాములే. అంటే ఇది చిన్నదైనా తేలికైనది కాదు. పైగా 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మొదటి సారి 50 నుంచి 65 సెంటీమీటర్ల వరకే ఎగురుతుంది. నేలను అంటిపెట్టుకుని ఉండే ఈ బంతిని గడ్డి మైదానంలో లాగా కిందికి తవ్వినట్టు కొట్టబోతే పాదం జారుతుంది, బంతి క్రాస్‌బార్ మీదుగా పోతుంది.

నేను పిల్లల్లో మొదట చూసేది నేల మీద ఆనిన కాలిని. అది బంతికి వెనుకబడి ఉంటే ఒళ్లు వెనక్కి వాలి షాట్ లేచిపోతుంది. బంతికి మరీ దగ్గరగా ఉంటే కొట్టే కాలికి చోటు చాలక బంతి పక్కకు పోతుంది. ఆ పాదం బంతి పక్కగా, దాదాపు ఒక పాదం వెడల్పు ఎడంలో, వేళ్లు కొట్టదలచిన దిక్కుకు తిరిగి ఉండేలా చూడండి. కొట్టే కాలి చీలమండ బిగుసుకుని ఉండాలి. మీగాలితో బంతి నడిమి భాగాన్ని తాకాక కాలు పైకి విసిరినట్టు కాకుండా గోల్ వైపు ముందుకు సాగాలి, ఒళ్లు కూడా దాని వెంటే ఒక అడుగు ముందుకు పడాలి. ఇవన్నీ ఒకేసారి చెబితే పిల్లవాడు బిగుసుకుపోతాడు. గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు దృష్టి గురించి చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. తన ఒంటి భాగాల మీద కంటే కదలిక ఫలితం మీద దృష్టి పెట్టినవాళ్లు సాధారణంగా మెరుగ్గా నేర్చుకుంటారని ఆమె పరిశోధనలు చూపాయి. అందుకే చీలమండ బిగించు అని పదే పదే చెప్పే బదులు, బంతి తిరగకుండా సూటిగా దూసుకుపోయేలా కొట్టు అని చెప్పి చూడండి. బంతి తిరుగుతోందంటే పాదం నడిమికి తగలలేదని వాడికి వాడే తెలుసుకుంటాడు. గుర్తుగా బంతి మీద అడ్డంగా ఒక రంగు పట్టీ అంటిస్తే అది తిరిగే తీరు దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

బొటనవేలి షాట్‌ను నేర్పడానికి వెనుకాడవద్దు. ఫుట్‌బాల్ శిక్షకులు దాన్ని చెడ్డ అలవాటుగా చూస్తారు గానీ ఫుట్‌సాల్‌లో అది అవసరమైన ఆయుధం. కాలిని వెనక్కి ఎత్తే పని లేకుండా, పరుగు లయ మధ్యలోనే కొట్టవచ్చు కాబట్టి కీపర్‌కు ముందస్తు సూచన దొరకదు. బ్రెజిల్ జట్టు ఆటను చూసినవాళ్లకు దీని విలువ తెలుసు. దీనిలో తాకే చోటు చాలా చిన్నది, కొంచెం పక్కకు తగిలినా బంతి ఎటో పోతుంది. అందువల్ల దీన్ని 7, 8 మీటర్ల లోపు నుంచే, నేల మీద దొర్లుతున్న బంతితోనే సాధన చేయించండి. బంతిని అరికాలి కింద ఉంచుకుని, ఎదురుగా ఉన్న డిఫెండర్ కాలికి పక్కగా చిన్నగా జరిపి, రెండో అడుగులోనే బొటనవేలితో పొడవమనండి. వేళ్లను షూ లోపల పైకి కొద్దిగా వంచి బిగించుకుంటే పాదం గట్టిగా ఉంటుంది, వేలికి దెబ్బ కూడా తగలదు.

బలం గురించిన మీ ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. పిల్లలను మెల్లగా కొట్టమని చెప్పవద్దు. కాలు ఊపును తగ్గించకుండా, ఒంటిని అదుపులో ఉంచుకునేంత బలంతో కొట్టమని చెప్పండి. పూర్తి బలంతో కొట్టినప్పుడు ఆఖరి అడుగు మరీ సాగిపోయి నిలకడ తప్పుతుంది, గురి పోవడానికి అదే ముఖ్యమైన కారణం. షాట్ కొట్టాక రెండు అడుగుల్లోపు ఆటగాడు మళ్లీ ఆటకు సిద్ధంగా నిలబడగలిగితే ఆ బలం సరైనదే. పడిపోతున్నాడంటే ఎక్కువైందన్న మాట.

యువజట్టు_శిక్షకుడు తిరిగి రాశారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఐదు గడుల పద్ధతిని ఈ వారం నుంచే మొదలుపెడతాను. మీ సమాధానాలు చదివాక మరో రెండు సందేహాలు కలిగాయి. మా జట్టులో కీపర్ ఒక్కడే ఉన్నాడు. ఈ డ్రిల్‌లన్నీ అతని మీదే చేయిస్తే అతను అలసిపోవడమే కాక దెబ్బలు కూడా తగులుతాయేమోనని భయంగా ఉంది. అలాగే ముగ్గురు నలుగురు పిల్లలు ఖాళీ దొరికినా షాట్ కొట్టడానికి జంకుతున్నారు, పక్కవాడికి పాస్ ఇచ్చేస్తున్నారు. వాళ్లకు సాధనలో గురి మంచిగానే ఉంది. వీళ్ల విషయంలో ఏం చేయాలి?

సమాధానం 4: పాత_ఫిక్సో

కీపర్ గురించి మీరు ఆలోచించడం చాలా సంతోషం. షూటింగ్ సెషన్ అంటే కీపర్‌ను గోడలా నిలబెట్టి అందరూ కొట్టడం అనే అలవాటు చాలా చోట్ల ఉంది, అది అతనికి అన్యాయం. అతనికి కూడా అదే సమయంలో నేర్చుకునే అవకాశం ఉండాలి. ప్రతి షాట్ తర్వాత అతను లేచి తన చోటుకు తిరిగి వెళ్లే వరకు తర్వాతి బంతి కదలకూడదు. 5 మీటర్ల లోపు నుంచి పూర్తి బలంతో కొట్టడాన్ని సాధనలో నిషేధించండి, అక్కడి నుంచి పాదం లోపలి వైపుతో నెట్టాలన్న నియమం పెట్టండి. అతను విశ్రాంతి తీసుకునే వేళ గోల్ మధ్యలో క్రాస్‌బార్ నుంచి మనిషి వెడల్పుకు మించి ఒక పాత గుడ్డను వేలాడదీసి, రెండు పోస్టుల పక్కన మాత్రమే ఖాళీ మిగల్చండి. దాన్ని ఒక్కో వంతుకూ కొంచెం ఎడమకో, కుడికో జరిపితే పెద్ద ఖాళీ ఎటు ఉందో ప్రతిసారీ చూసుకోవాల్సి వస్తుంది.

12 మందిని ఒకే వరుసలో నిలబెట్టడం వల్ల ఒక్కొక్కరికీ దొరికే షాట్లు చాలా తక్కువ, నిలబడి ఉండే సమయం చాలా ఎక్కువ. కీపర్ పోగా మిగిలిన 11 మందిని మూడు గుంపులు చేయండి. ఒక గుంపు అసలు గోల్ దగ్గర కీపర్‌తో పివట్ డ్రిల్ చేస్తుంది. రెండో గుంపు ఎదురు గోల్ దగ్గర వేలాడదీసిన గుడ్డతో రెండో పోస్ట్ డ్రిల్ చేస్తుంది. మూడో గుంపు సైడ్‌లైన్ పక్కన ఫస్ట్ టచ్ సాధన చేస్తుంది, అంటే పాస్‌ను అరికాలితో ఆపకుండా షాట్ కొట్టగలిగిన దిక్కుకు ఒక అడుగు ముందుకు తీసుకోవడం. ఏడెనిమిది నిమిషాలకోసారి గుంపులు మారాలి. సెషన్ ఆఖర్లో, అందరూ అలసి ఉన్నప్పుడు, ఒక్కొక్కరికీ 10 మీటర్ల గుర్తు నుంచి ఒకే ఒక్క కిక్ ఇవ్వండి. అందరూ చుట్టూ నిలబడి చూడాలి, రెండో అవకాశం ఉండకూడదు. మ్యాచ్‌లో ఆ కిక్ ఎలా వస్తుందో ఇది కూడా అలాగే ఉంటుంది.

జంకే పిల్లల విషయం గురితో సంబంధం లేనిదని మీరే గమనించారు. వాళ్లు గోల్ తప్పితే జట్టు ఏమంటుందోనని భయపడుతుంటారు, చాలాసార్లు ఆ భయానికి మనం బెంచీ మీది నుంచి వేసే కేకలే కారణం. ఇద్దరు దాడి చేసి ఒకరు కాపాడే చిన్న ఆటను కోర్టు సగభాగంలో పెట్టండి. బంతి సగం గీత దాటిన దగ్గర్నుంచి 4 సెకన్లలో షాట్ రాకపోతే బంతి ప్రత్యర్థికి ఇవ్వండి. షాట్ ఎక్కడికి పోయినా సమయంలోగా కొట్టినందుకు ఒక పాయింటు, గోల్ అయితే మూడు పాయింట్లు ఇవ్వండి. కొట్టకపోవడమే ఇక్కడ నష్టం కాబట్టి జంకు నెమ్మదిగా తగ్గుతుంది. రెండు మూడు వారాల తర్వాత ఆ ఒక పాయింటును గోల్ లోపలికి వెళ్లేలా ఉన్న షాట్లకు మాత్రమే పరిమితం చేయండి. పిల్లవాడు పాస్ ఇచ్చింది సరైన నిర్ణయమైతే దాన్ని మాత్రం గట్టిగా మెచ్చుకోండి. డిఫెండర్ తన మీదికి వచ్చాక ఖాళీగా ఉన్నవాడికి ఇచ్చిన పాస్‌కూ, ఎవరూ రాకముందే వదిలించుకున్న పాస్‌కూ తేడా వాడికి చూపించాలి.

కొలత విషయంలో సాధనలోని పాయింట్లను నమ్మవద్దు. డ్రిల్ అలవాటైతే పాయింట్లు పెరుగుతాయి, ఆట పెరగకపోవచ్చు. మ్యాచ్‌లో రాయించిన గడులనే నెలకోసారి పోల్చి చూడండి. గోల్స్ సంఖ్య ప్రత్యర్థిని బట్టి మారిపోతుంది గనుక, డిఫెండర్‌కు తగిలినవీ, కీపర్ కదలకుండా ఆపినవీ మొత్తం షాట్లలో ఎంత భాగం ఉన్నాయన్నదే చూడండి. ఆ రెండూ తగ్గుతూ, కీపర్ కష్టపడి ఆపినవి పెరుగుతుంటే, గోల్స్ ఇంకా రాకపోయినా మీరు సరైన దారిలోనే ఉన్నారు.

సమాధానం 5: గోల్‌కీపర్_కళ్లతో

ఒక చిన్న జోడింపు. ఎదిగే వయసు పిల్లలకు మీగాలితో బలంగా కొట్టే షాట్లు ఒకే రోజు మరీ ఎక్కువైతే గజ్జల దగ్గర, తొడ ముందు భాగంలో కండరాలు పట్టేస్తాయి. గట్టి నేల మీద ఆడే ఆటలో ఇది ఇంకా త్వరగా వస్తుంది. వార్మప్ పూర్తికాకుండా తొలి బంతినే బలంగా కొట్టనివ్వవద్దు, మొదటి పది పన్నెండు షాట్లు పాదం లోపలి వైపుతో, తక్కువ దూరం నుంచి ఉండాలి. వారంలో మీకున్న రెండు సెషన్‌లలో ఒకదాన్ని దూరపు షాట్లకు, మరోదాన్ని 6 మీటర్ల లోపు ముగింపులకు, రెండో పోస్ట్‌కు కేటాయిస్తే కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. గజ్జలో నొప్పి అన్న పిల్లవాడిని ఆ రోజు బలహీనమైన కాలితో కొట్టమని మార్చవద్దు, ఎందుకంటే అప్పుడు నొప్పి ఉన్న కాలే ఒంటి బరువంతా మోయాల్సి వస్తుంది. అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, షాట్ల గడులు నింపే పని అప్పగించండి.